ఎడమవైపు బెత్తెడు తక్కువ

మనుషులకు కుట్టినన్నాళ్ళూ నాకు ఎవరితోనూ పేచీ రాలేదు. లావుపాటివాళ్ళు, బక్కపల్చటివాళ్ళు, ఊపిరి బిగబట్టి నడుం కొలత దొంగిలించేవాళ్ళు, అందరినీ చూశాను. గుర్రం దగ్గరికొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

సంగతేమిటంటే, మా మావయ్య గుర్రానికి చర్మజబ్బు చేస్తే పశువుల డాక్టరు ఒంటిమీద వెంట్రుకలన్నీ గొరిగించేశాడు. చలి తగలనివ్వొద్దన్నాడు. మా ఆయన సరుకుల వ్యాను కొన్నప్పటి నుంచి గుర్రబ్బండి మూలపడింది. మావయ్య పొద్దునా సాయంత్రం గుర్రం వీపు మీద చెయ్యేసుకుని వీధి చివరిదాకా తిప్పుకొస్తాడు, అంతే.

"పనీపాటా లేనిదాన్ని మేపడమంటే గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమే. ఇంకోసారి జబ్బుపడిందా, ఎవరికైనా ఇచ్చేస్తా" అని మా ఆయన తేల్చేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మావయ్యకు ముద్ద దిగడం లేదు. "ఒక్క దుప్పటి కుట్టిపెట్టు తల్లీ, ఈ చలికాలం గట్టెక్కితే చాలు" అని నన్ను బతిమాలాడు.

పాత దుప్పట్లు రెండు తీసి, మధ్యలో చిరిగిన పరుపులోని దూది పరుద్దామనుకున్నాను. టేపు మెళ్ళో వేసుకుని కొట్టంలోకి వెళ్ళాను. గుర్రానికి భుజం ఎక్కడ మొదలవుతుంది? మెడ ఎక్కడ ఆగుతుంది? గుండీలు ముందుకా, వెనక్కా? ఏమీ తోచక, వెన్ను నుంచి మోకాలిదాకా ఒక్కో పక్కా విడిగా కొలిచాను. ఎడమవైపు బెత్తెడు తక్కువ వచ్చింది. మనుషుల్లోనూ ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం ఉంటాయి కదా అని సర్దుకుని, కొలిచినట్టే కత్తిరించి కుట్టేశాను.

గుర్రానికి కప్పి నాలుగడుగులు వెనక్కొచ్చి చూశాను. ఎడమవైపు పొట్టి. దగ్గరికెళ్ళి చూస్తే అంచు సరిగ్గా మోకాలికే ఉంది. వెనక్కొచ్చాను, పొట్టి. దగ్గరికెళ్ళాను, సరిపోయింది. ఇదేం మాయరా దేవుడా! కళ్ళజోడు తుడుచుకున్నాను. టేపు సాగిందేమోనని స్కేలు పెట్టి చూశాను. టేపుకేం, లక్షణంగా ఉంది. అది చాలదన్నట్టు, ఎడమపక్క నిలబడ్డప్పుడల్లా గుర్రం నా మీదికి ఒరుగుతోంది. "ఓసి నీ దుంపతెగ, నిటారుగా నిలబడవే!" అని మోచేత్తో నెట్టాను. ఇంకాస్త ఒరిగింది.

మావయ్య గోడవార స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"మావయ్యా, కాస్త వచ్చి దీని తల పట్టుకోండి."

ఆయన లేవలేదు. "కుడిపక్క కొలతే రెండువైపులా పెట్టేయమ్మా" అన్నాడు.

"అలా ఎలా పెడతానండీ? ఎడమపక్క కురచని టేపే చెబుతుంటే!"

ఆయన నేలచూపులు చూశాడు. గుర్రం పోతుందన్న దిగులు కాబోలనుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చీరాగానే నవ్వాడు. "ఏంటే ఇది, ఒకపక్క లంగా, ఒకపక్క గౌనూ?"

"గుర్రమే సరిగ్గా లేదండీ."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. సరే, తియ్యి దాన్ని. మళ్ళీ జబ్బే, నిన్న దగ్గింది, నేను విన్నాను. గుర్రం కావాలన్నాయన గేటు దగ్గరున్నాడు, చూపిస్తా."

మావయ్య మొహం పాలిపోయింది.

మా ఆయన పగ్గం అందుకుని ఎడమపక్కకు వెళ్ళాడు. గుర్రం వెంటనే ఆయన మీదికి ఒరిగింది. వెనక కాలు మడిచి, నడుం దించి, అలాగే ఆగింది. దుప్పటి అంచు కిందికి జారి మోకాలిని తాకింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆయన పగ్గం లాగాడు, అదిలించాడు. కదిలితే ఒట్టు.

"దీనికేం పుట్టింది?"

"చెయ్యి వెయ్యరా" అన్నాడు మావయ్య, ఎటో చూస్తూ. "వీపు మీద. బరువంతా వెయ్యి. వేస్తేగానీ కదలదు."

మా ఆయన వేశాడు. గుర్రం ఒక్క అడుగు వేసి ఆగింది. ఆయన అడుగు కలిపేదాకా ఉండి, ఇంకొకటి వేసింది. మళ్ళీ ఆగింది. మా ఆయన రెండంగల్లో దాటే కొట్టాన్ని అది ముసలాయన నడకలో దాటిస్తోంది.

మా ఆయన తన తండ్రి కాళ్ళవైపు చూశాడు. అప్పుడు నేనూ చూశాను. పొద్దున్నుంచీ ఆ స్టూలు మీంచి లేవలేదు మావయ్య. మధ్యాహ్నం భోజనం కూడా నేనే అక్కడికి తెచ్చిచ్చాను. ఎందుకని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

"చెబితే కుర్చీలో కూలేస్తావనీ..." అంటూ మావయ్య ఆగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

గేటు దగ్గర్నుంచి ఆ మనిషి కేకేశాడు. "ఇవ్వడం లేదండీ, వెళ్ళిరండి" అని మా ఆయన లోపల్నుంచే అరిచాడు. తర్వాత వచ్చి తండ్రి ముందు నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏ కాలు నాన్నా?"

మావయ్య కొడుకు భుజం మీద చెయ్యేశాడు.

"రెండూరా."