పంగిడి రాయి కాదండి

రాయుంటే కుక్క కనబడదు, కుక్కుంటే రాయి దొరకదు అంటారు. ద్రాక్షారామం పక్కన మా ఊళ్ళో కుక్కలకేం కొదవ లేదు, రాయే దొరకదు. ఎంత తవ్వినా బంకమట్టే. అందుకే పక్కింటి అచ్చాయమ్మగారి గేదెల షెడ్డు రేకు పగిలి లోపల నల్లరాయి కనబడగానే, ఊరంతా మా గుమ్మం వైపే చూసింది. మా ఆయన ఐజాక్ పంగిడి క్వారీ నుంచి నల్లకంకర తోలే లారీ డ్రైవరు మరి. పైగా ముందురోజే మురుగునీళ్ళ దగ్గర గొడవై, "మీ షెడ్డు కూలిపోనూ" అని నోరు జారాడు.

"నేను వెయ్యలేదండి" అన్నాడు.

"మరి ఆకాశం నుంచి ఊడిపడిందా?" అంది ఆవిడ.

పోలీసు కేసు పెడతానంది. కేసంటూ అయితే బండెక్కొద్దన్నాడు లారీ ఓనరు. నాకు ముద్ద దిగలేదు. మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తూనే మధ్యలో ఆవిణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. దేవుడు వేటికవి విడదీసుకునే ఉంటాడు.

ఆవిడ మేనకోడలు సాయిదుర్గ రాజమండ్రిలో జియాలజీ లెక్చరరు. సంగతి విని వచ్చి, రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. పైన పల్చటి నల్లని పెచ్చు నిగనిగలాడుతోంది. అంచు చిట్లిన చోట మాత్రం బూడిదరంగు.

"పంగిడి రాయి లోపల కూడా నలుపే అత్తా. ఇది ఉల్కేమో."

"అదీ చూశానే. అయస్కాంతం అంటుకోలేదు" అంది అచ్చాయమ్మగారు. ఆవిడేం తక్కువది కాదు.

"అన్ని ఉల్కల్లో అంత ఇనుము ఉండదు. ముక్క ల్యాబుకి పంపిస్తాను. అప్పటిదాకా కేసు ఊసెత్తకు."

రిపోర్టు పట్టుకుని మళ్ళీ వచ్చింది. గోడకి ఇవతల నిలబడి మా ఆయనా, నేనూ విన్నాం.

"ఉల్కే అత్తా. ఎక్కడో ఓ చిన్న గ్రహశకలం మీద లావా పొంగి గడ్డకట్టింది, ఇది ఆ ముక్క. పంగిడి రాయీ లావాయేలే, కాకపోతే ఇక్కడ పొంగింది. రెండూ చుట్టాలనుకో. ఇది మాత్రం కోట్ల ఏళ్ళు పెద్దది."

అంత చిన్న గ్రహశకలానికీ ఒకప్పుడు కడుపులో మంట ఉండేదన్నమాట. నాకూ ఇన్నాళ్ళూ ఉంది. ఆ మాట వినగానే చల్లారింది.

అచ్చాయమ్మగారు గోడ దగ్గరికొచ్చింది. క్షమించమని అడిగే రకం కాదు.

"అయితే ఐజాకూ, ఆకాశం నుంచే ఊడిపడిందంటావా?"

"ఆయ్" అన్నాడు మా ఆయన, తల వంచుకుని.

ఆవిడకి నవ్వాగలేదు. మాకూ ఆగలేదు.

ఐజాక్ ఓనరుకి ఫోన్ చేసి రేపు బండెక్కుతున్నానండి అని చెప్పాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, చద్దన్నంలో మాగాయ కలుపుకుని కడుపునిండా తిన్నాను.