నా నంబరు మీద పసుపు

నేను ఒక కుట్టు మిషనును. పీకో మిషనును మాత్రం కాదు. ఎవరైనా తానేమిటో చెప్పుకుని కథ మొదలుపెడతారు గాని, తాను ఏమి కాదో చెప్పి మొదలుపెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. నా బతుకంతా ఆ 'కాదు' చుట్టూనే తిరిగింది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

పుట్టింది లూధియానాలో. కరిగిన ఇనుమును అచ్చులో పోశారు, చల్లారాక నున్నగా రుద్దారు, నల్లరంగు వేసి నడుము చుట్టూ బంగారు గీతలు గీశారు. చివరగా ఒక ముసలి పనివాడు నా మెడ కింద ఒక రేకుముక్క పెట్టి రెండు మేకులు బిగించాడు. దాని మీద నా నంబరూ, నేను తిన్నటి కుట్టు మిషన్నన్న సంగతీ అచ్చువేసి ఉన్నాయి. జాకెట్టయినా తలగడ గలేబయినా నేను ఒకే గీతలో సూటిగా కుట్టుకుపోతాను. సూదిని అటూ ఇటూ ఊపుతూ చీర అంచును చుట్టేసే పీకో పని నాకు రాదు. అది వచ్చినవాళ్లు పక్క వరుసలో తయారయ్యేవారు. వాళ్లకు తల దగ్గర చిన్న పుల్ల ఒకటి అదనంగా ఉంటుంది. మమ్మల్ని ఇంత వేరువేరుగా తయారుచేసిన మనుషులు అట్టపెట్టెలు మాత్రం అందరికీ ఒకే రకానివి తెచ్చారు.

గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నం, అందులో మెయిన్‌రోడ్డు మీద మిషన్ల కొట్టు. యజమాని పేరు వాసుదేవరావు. ఆ కొట్టు వెనకాల గోడౌన్‌లో నేనూ నాలాంటివాళ్లూ ఒకళ్లమీద ఒకళ్లం ఆరు నెలలు పడి ఉన్నాం. ఆషాఢం వచ్చింది. ఆషాఢం తగ్గింపు ధరలంటూ కొట్టు ముందు గుడ్డ బ్యానరు కట్టారు. ఆ బ్యానరు చూసే వీరవేణి లోపలికి వచ్చింది.

వీరవేణి వేరే ఆవిడ టైలరింగ్ కొట్టులో పదకొండేళ్లుగా కూలికి కుడుతోంది. భర్త సత్తిబాబు ఆటో నడుపుతాడు. ఆ వీధి చివర చీరల కొట్టాయన ఆమెకు ఒక మాట ఇచ్చాడు. శ్రావణమాసం వచ్చేలోగా సొంతంగా పీకో మిషను కొనుక్కుంటే తన కొట్టులో అమ్మే ప్రతి చీరా ఆమెకే పంపిస్తానన్నాడు. వరలక్ష్మీ వ్రతానికి ఆ కొట్టులో ఎన్ని చీరలు అమ్ముడవుతాయో ఆమెకు తెలుసు. ఒకరి కింద కుట్టడం మాని సొంతానికి కుట్టుకునే రోజు అది. దానికోసం చెవుల దిద్దులు అమ్మేసింది.

కొట్టులో బల్లమీద పీకో మిషను చూపించారు. ఆమె దాని ముందు కూర్చుని ఒక గుడ్డముక్క మీద చుట్టూ పీకో వేసి చూసుకుంది. ముచ్చటగా వచ్చింది. పెట్టెలోది కూడా ఇలాంటిదేనా అని అడిగితే, అచ్చు ఇదేనన్నారు. వాసుదేవరావు బావమరిది గోడౌన్‌లోకి వచ్చి, అందినపెట్టె దించుకుపోయాడు. అందులో ఉన్నది నేను. బిల్లు మీద మాత్రం 'పీకో మిషను ఒకటి' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. నా గురించి రాసిన మొదటి అబద్ధం అదే.

ఆ రోజే పెట్టె విప్పి ఉంటే కథ సాయంత్రానికే అయిపోయేది. సత్తిబాబు ఆటో తిప్పుకుని వచ్చేవాడు, కొట్టువాళ్లు మార్చి ఇచ్చేవారు. కాని అది ఆషాఢం. ఆషాఢంలో ధర తగ్గుతుందని కొన్నారు, ఆషాఢంలో కొత్తపని మొదలుపెట్టకూడదని దాచారు. కొనడానికి మంచిదైన నెలే విప్పడానికి మంచిది కాకపోయింది. పద్దెనిమిది రోజులు వాళ్ల మంచం పక్కన పెట్టెలోనే ఉన్నాను. వీరవేణి పొద్దున్నే లేచి పెట్టెమీద చెయ్యి వేసేది. ఇరుగుపొరుగు వస్తే, పీకో మిషనండీ, శ్రావణ శుక్రవారం మొదలెడతాను అని చెప్పేది. ఆ మాట విన్న మొదటిసారి నాకు భయం వేసింది. నేను కాదమ్మా అని అరవాలనిపించింది. నాకున్న నోరు సూది ఒక్కటే, దానికి ఎవరైనా తొక్కితేనే మాట.

శ్రావణమాసం మొదటి శుక్రవారం తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని ఆమె పెట్టె విప్పింది. తల దగ్గర పుల్ల లేకపోవడం చూసింది. మెకానిక్కు వచ్చి బిగిస్తాడేమో అనుకుంది. తర్వాత గిన్నెలో పసుపు తడిపింది. పసుపు పెట్టడానికి నా ఒంటిమీద ఎంత చోటుందో. చదునుగా, చేతికి అందేలా ఉన్నది ఆ రేకుముక్కే కాబోలు, మూడు వేళ్లతో సరిగ్గా దాని మీదే దిట్టంగా రాసింది. పైన కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, నా చక్రానికి నమస్కరించి కళ్లకద్దుకుంది. ఇంత గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ గౌరవం కిందే నా పేరు కప్పబడిపోయింది.

పూజయ్యాక తన పెళ్లిచీర అంచు పెట్టి తొక్కింది. తిన్నటి గీత వచ్చింది. విప్పి మళ్లీ తొక్కింది. నేను చేయగలిగినంత చక్కగా, మళ్లీ తిన్నటి గీతే వేశాను. మూడోసారి తొక్కాక ఆమె కాలు ఆగిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ కొబ్బరిముక్క తినలేదు.

మర్నాడు సత్తిబాబు నన్ను ఆటోలో పెట్టుకుని, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని కొట్టుకు తెచ్చాడు. వాసుదేవరావు వంగి, నా మెడ కింద పసుపును గోటితో కాస్త గీరి నంబరు చదివాడు. ఆయన ముఖం ఎలా మారిందో అతి దగ్గరనుంచి చూసింది నేనే. ఆయనకు అర్థమైపోయింది. నిమిషంలో సర్దుకుని లేచి, బిల్లు చూపించమన్నాడు. అడుగున సన్నక్షరాలు చదివి వినిపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, లోపాలుంటే వారంలోగా తెలపవలెను. వారం దాటి పన్నెండు రోజులైందన్నాడు. ఆ తర్వాత గొంతు మెత్తగా చేసుకుని ఇలా అన్నాడు.

"పసుపు పూసి, బొట్టెట్టి, కాయ కొట్టేవమ్మా. ఒకరింటి లక్ష్మిని తీసుకెళ్లి ఇంకొకరికి ఎలా అమ్మమంటావు? పాపం కాదూ?"

వీరవేణి భక్తి మీద కొట్టిన దెబ్బ అది. ఆమె నెమ్మదిగా అంది.

"నేను అడిగింది పీకో అండి. మీరు చూపించింది పీకో అండి. కాయితం మీద రాసిందీ అదే. నేను పసుపు రాసేనని ఇది పీకో అయిపోద్దాండి?"

వాసుదేవరావు ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. బావమరిది నన్ను ఎత్తి మళ్లీ ఆటోలో పెట్టాడు. మొదటిసారి గోడౌన్‌లోంచి ఎత్తినప్పుడు ఈ శ్రద్ధ చూపించి ఉంటే ఎంత బాగుండేదో.

చీరల కొట్టాయన వారం ఆగాడు. వ్రతం దగ్గర పడుతోంది, ఇంక ఆగలేనని చీరల మూట ఇంకొకావిడకు పంపించేశాడు. ఆయన్నీ తప్పుపట్టలేం.

వీరవేణి వాళ్ల వీధిలో జోగారావు గారని పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని బిల్లు రెండువైపులా చదివారు. సరుకు బాగోలేదనో, మనసు మారిందనో వెనక్కిస్తే అది వేరు, ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చారు, వాపసు లేదని అచ్చువేసుకున్నంత మాత్రాన వాళ్లకు ఆ హక్కు రాదు అని విడమరిచి చెప్పారు. వినియోగదారుల కమిషన్‌కు వకీలు లేకుండానే రాసుకోవచ్చన్నారు. ముందు నోటీసు ఆయనే తెలుగులో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. జవాబు రాలేదు. తర్వాత ఫిర్యాదు పెట్టించారు. ఆయన మంచి మనిషి. అంత మంచి మనిషి చెప్పిన మాటే నా కొంప ముంచింది.

"కేసు తేలేదాకా దీని మీద ఒక్క కుట్టు కూడా వెయ్యకమ్మా. వాడుకుంటున్నారంటారు. ఆ పసుపు కూడా తుడవకు. ఎలా ఉన్నది అలా ఉండాలి," అన్నారు.

ఆమె అక్షరాలా పాటించింది. నన్ను గోనెపట్టాలో చుట్టి గదిమూల పెట్టింది. నేనేమీ చెడిపోయిన మిషన్ను కాదు. జాకెట్లు కుట్టగలను, లంగాలు కుట్టగలను, ఆ ఇంటికి అన్నం పెట్టగలను. ఆమె నా పక్కనే గోడకు చేరబడి, కూలికి తెచ్చుకున్న చీరల అంచులు చేత్తో కుట్టేది. దారం కనపడక కళ్లు చికిలించుకునేది. ఇద్దరం పనివాళ్లమే. ఆమె నన్ను ముట్టుకోకూడదు, నేను ఆమెకు సాయపడకూడదు. న్యాయం కోసం మేం పాటించిన మడి అది.

వాయిదాలు మొదలయ్యాయి. వాసుదేవరావు తరఫువాళ్లు ఒకసారి కాగితాలు అందలేదన్నారు, ఒకసారి ఆయనకు ఒంట్లో బాగాలేదన్నారు. వాయిదా ఉన్న రోజున వీరవేణికి కూలి పోయేది, సత్తిబాబుకు కిరాయి పోయేది. సూటిగా వెళ్లడం తప్ప తెలియని నాకు, మనుషులు ఒక చిన్న నిజం దగ్గరికి ఇన్ని మలుపులు ఎందుకు తిరుగుతారో అర్థమయ్యేది కాదు.

దసరాకు ఆయుధపూజ చేసేవారు. కత్తెరకు బొట్టు, టేపుకు బొట్టు, ఆటోకు దండ. వీరవేణి కుంకుమభరిణె పట్టుకుని నా దాకా వచ్చి, గోనెపట్టా కొద్దిగా ఎత్తి చూసి, మళ్లీ దించేసేది. నా మీదున్న బొట్టు పూజది కాదప్పుడు, సాక్ష్యం. అలా మూడు దసరాలు నాకు బొట్టు లేకుండా వెళ్లిపోయాయి. మూడోసారి ఆమె కళ్లనీళ్లు తుడుచుకోవడం చూశాను.

మూడేళ్ల తర్వాత తీర్పు వచ్చింది. గెలిచింది వీరవేణే. నన్ను వెనక్కి తీసుకుని అసలైన పీకో మిషను ఇవ్వాలి, కష్టపెట్టినందుకు పరిహారమూ ఇవ్వాలి అని ఉంది. జోగారావు గారు ప్రతి వాక్యం రెండుసార్లు చదివి వినిపించారు. సత్తిబాబు ఆటోలో నన్ను ఎక్కించాడు. వీరవేణితో కలిసి ముగ్గురం మెయిన్‌రోడ్డుకు వెళ్లాం.

ఆ కొట్టు లేదు. ఆ చోట టైల్సు అమ్ముతున్నారు. వాసుదేవరావు ఏడాది కిందటే సరుకంతా వదిలించుకుని ఎక్కడికో వెళ్లిపోయాడట. ఎక్కడికన్నది ఎవరికీ తెలియదు. తీర్పు అమలు చేయించమని మళ్లీ ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చని జోగారావు గారు సాయంత్రం చెప్పారు.

"మళ్లీ ఎన్నేళ్లండీ?" అని అడిగింది వీరవేణి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు ఆమె నన్ను పూర్తిగా విప్పి, తడిగుడ్డతో తుడిచింది. పోనీలే, జాకెట్లయినా కుట్టుకుందాం అంది. చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. మూడు వానాకాలాల చెమ్మకు లోపలంతా పట్టేసింది, కదల్లేకపోయాను. నేను ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. నూనె పోసింది, కిరసనాయిలు పోసింది, అయినా నేను కదల్లేదు. తర్వాత నా మెడ కింద ఎండి అట్టకట్టిన పసుపును గోరుతో లేపింది. పసుపు కింద రేకును తుప్పు తినేసింది. పెచ్చుతో పాటు అక్షరాలు కూడా ఊడి వచ్చాయి. ఆ పెచ్చును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.

"నీ తప్పేం లేదు," అంది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

పాత సామాన్ల వాళ్లు వచ్చి నన్ను తీసుకుపోయారు. వాళ్ల దగ్గర్నుంచి, పాత మిషన్లు బాగుచేసి అమ్మే ఒకతని చేతికి వచ్చాను. పనిమంతుడు. తుప్పు గీకాడు, చక్రం తిరిగేలా చేశాడు, కొత్తగా నల్లరంగు వేశాడు. రేకు మీద కూడా వేసేశాడు. ఇప్పుడు నేనేమిటో చెప్పే అక్షరం నా ఒంటిమీద ఒక్కటి కూడా లేదు.

ఇందాక ఒకావిడ వచ్చింది. చేతిసంచీలో చీరలున్నాయి. నా చుట్టూ తిరిగి చూసి, ఇది పీకో వేస్తుందా అని అడిగింది.

"ఎందుకు వెయ్యదమ్మా? చిన్న పుల్ల బిగించుకోవాలి, అంతే," అన్నాడతను తల ఎత్తకుండానే.

ఆమె సంబరంగా నా తలమీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. ఇప్పుడు మంచిరోజులు లేవు, శ్రావణ శుక్రవారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్లింది.