కొత్త చెయ్యి కలిపిన ముద్ద

నేను ఒక సత్తు బేసిన్ని. అంచుకి మూడు సొట్టలున్నాయి, అయినా నా గొప్ప నాది. విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో గోనెసంచులు కుట్టే ఆడవాళ్ళు ఇరవై రెండేళ్ళు మధ్యాహ్నపు కూడు కలుపుకున్నది నాలోనే. పొరుగింటి పుల్లకూర రుచన్న మాట నిజమో కాదో నన్నడగండి, చెబుతాను. అక్కడొక కట్టుబాటుండేది. కొత్తగా చేరిన మనిషే అందరి అన్నాలూ కూరలూ కలిపి ముద్దలు పెట్టాలి.

మొగుడు పోయాక అతని బదులు మిల్లులో చేరిన బంగారమ్మ మొదటిరోజే సంచుల గుట్ట వెనక్కి పోయి ఒక్కర్తీ తినబోయింది. తన కులం తెలిస్తే తన చేతి ముద్ద ఎవరు ముడతారని భయం. అందరిలోకీ పెద్దదైన సన్నెమ్మ నన్ను తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టింది.

"కలుపే. ఆకలేస్తంది."

"నా సేతి కూడు మీరు తింతారేటి, అప్పా?"

"తినకపోతే మిసను కాడ నిలబడ్డానికి ఓపికేదీ? కలుపు."

బంగారమ్మ ఏడుస్తూనే కలిపింది. ఉప్పెక్కువైందని సన్నెమ్మ వేళాకోళమాడుతూ రెండో ముద్దకి చెయ్యి చాచింది. తరాలుగా మోసుకొచ్చిన పట్టింపుల్ని మనుషులు ఆకలేసినప్పుడు ఎంత తేలిగ్గా దించేస్తారో ఆరోజు చూశాను.

ఏళ్ళు గడిచాయి. సన్నెమ్మ పోయింది. కొత్త మేనేజరు క్యాంటీను కట్టించి, గోడకి 'మనమంతా ఒకే కుటుంబం' అని బోర్డు పెట్టించాడు. మంచివాడే, పాపం. ఎవరి పళ్ళెంలో వాళ్ళే తినాలన్నాడు. శుభ్రత పేరు చెప్పి నన్ను సామాన్ల గదిలోకి తోయించాడు.

అప్పుడే కాంట్రాక్టు మీద ఒకామె చేరింది. ఆమె కూడా సంచుల గుట్ట వెనకే తినేది. బంగారమ్మ రోజూ చూసేది. ఏడాదిలో రిటైరు కావాల్సిన తనకి మేనేజరుతో తగువెందుకని, రేపు పిలుద్దాం, రేపు పిలుద్దాం అనుకుంది. నాలుగో రోజు తెగించి నన్ను చంకనెత్తుకుని వెళ్ళింది. గుట్ట వెనక ఎవరూ లేరు.

గేటు కాపలా సింహాద్రిని అడిగింది.

"పొద్దున్నే వచ్చి మానేస్తనని సెప్పీసి ఎలిపోనాదమ్మా. ఇక్కడ తనతో మాటాడే మనిసే నేదంట."

బంగారమ్మ తిరిగొచ్చి ఆ గుట్ట వెనకే కూలబడింది. తన క్యారేజీలో అన్నం నాలో వేసి కలిపింది. ఒక ముద్ద చేసి ఎదురుగా పెట్టింది.

"దాని పేరేటో కూడా అడగనేదు నాను" అంది.

ఇప్పుడు నేను పాతసామాన్ల కొట్లో ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. నాలో కలిపిన ఆఖరి కూడు అదే. దాన్ని ఎవరూ తినలేదు.