థాదాకు నాలుగు వాక్యాలు

మా కారు సీట్ల ఫ్యాక్టరీ కొరియా వాళ్ళది. వాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకూ చెప్పే దుబాసీ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. నేనూ దరఖాస్తు పెట్టాను, మా ఆయనా పెట్టాడు. ఆయనకది గొప్ప కోసం. నాకు ఊపిరి కోసం. జిగురు విభాగంలో ఏళ్ళ తరబడి ఆ ఘాటు పీల్చి పీల్చి నాకు దగ్గు పట్టుకుంది. అక్కడి నుంచి ముందు బయటపడమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయనది గోడౌను పని, గాలికీ వెలుతురుకీ లోటు లేదు.

కొరియన్ నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆయనకు నేను నేర్పాను. మమ్మల్ని బాగా ఏడిపించింది 'థాదా' అనే క్రియ. బస్సెక్కడమూ అదే, అన్నం మాడడమూ అదే, నీళ్ళలో కాఫీ పొడి కలపడమూ అదే, బహుమతి అందుకోవడమూ అదే.

"వీళ్ళకు మాటలు కరువా? ఒక్కదానికే ఇంత చాకిరీ ఏంటి?" అని విసుక్కున్నాడు ఆయన.

"ఉత్తినే బట్టీ పడితే తలకెక్కదు. మీ సొంత సంగతులతో వాక్యాలు కట్టుకోండి" అని, నావి చెప్పి చూపించాను. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కుతాను. పాఠం చదువుతుంటే అన్నం మాడింది. అత్తయ్యకు కాఫీ కలిపాను. బడిలో పరుగుపందెం గెలిచి బహుమతి అందుకున్నాను. ఆయన తలూపాడు గానీ సొంతవి కట్టుకోలేదు. ఈ మనిషికి తేరగా దొరికితే చాలు.

ఇంటర్వ్యూకి ముందు ఆయన్నే పిలిచారు. నవ్వుకుంటూ బయటికొచ్చాడు. తర్వాత నేను వెళ్ళాను. కొరియా పెద్దసారు 'థాదా'తో వాక్యాలు చెప్పమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో వాక్యానికే పక్కనున్న ఆఫీసరమ్మ నవ్వింది. పరుగుపందెం దగ్గరికొచ్చేసరికి పెద్దసారు చెయ్యెత్తి ఆపేశాడు.

"ఇవన్నీ ఇందాకే విన్నాం. మీ ఆయన బాగానే బట్టీ పట్టించారమ్మా" అంది ఆఫీసరమ్మ.

మెట్లెక్కితే ఆయాసపడే మనిషి పరుగుపందెం గెలిచాడట! వంటింటి గడప తొక్కని మనిషి వాళ్ళమ్మకు కాఫీ కలిపాడట! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయనకు నేర్పింది నేనండీ. కావాలంటే పిలిచి అడగండి" అన్నాను. పిలిచారు.

ఆయన నా వంక చూడలేదు. "ఇద్దరం కలిసే చదువుకున్నామండీ" అని నసిగాడు. ఇంకేదైనా అడగండి అనబోతే నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆఫీసరమ్మ మంచినీళ్ళిచ్చి తలుపు తీసింది. ఉద్యోగం ఆయనకిచ్చారు.

"ఎవరికొస్తే ఏంటే? ఇంటికేగా వచ్చింది" అన్నాడు సాయంత్రం బూట్లు విప్పుతూ. కాసేపటికి పుస్తకం పట్టుకుని నా పక్కన చేరాడు.

"రేపు మీటింగుంది. ఈ తర్వాతి పాఠం కాస్త చెప్పవూ?"

"పొద్దున్నే పెద్దసారు దగ్గరికెళ్ళి, మీకు నేర్పింది నేనేనని చెప్పండి. చెప్పొచ్చాక పుస్తకమంతా నేర్పుతాను."

ఆయన ఊరికే పేజీలు తిప్పాడు. తర్వాత పుస్తకం మూసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నలుగురిలో నోరు పెగలక నవ్వులపాలవడానికైనా సిద్ధపడ్డాడు గానీ, ఆ ఒక్క నిజం చెప్పి నన్ను ఆ జిగురు ఘాటులోంచి బయటపడేయడానికి మాత్రం ఆయనకు మనసు రాలేదు.