ఇంటర్వ్యూకు నలుగురం

మా ఇంట్లో ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోవడం నామోషీ. మనిషి మంచీచెడూ పెద్దమనుషులే చెప్పాలి. అందుకే ఎల్లారెడ్డిలో ఇంటర్వ్యూలకు ట్రైనింగ్ ఇచ్చిన రమేశ్ సార్ "నీ గురించి నువ్వే ధైర్యంగ చెప్పుకోవాలె సుష్మితా" అన్నప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. అద్దం ముందు బ్రహ్మాండంగా మాట్లాడతాను. అద్దంలో మా అవ్వ ఉండదు కదా.

ఇంటర్వ్యూ కామారెడ్డిలో ఒక చీరల షోరూంలో, సేల్స్ ఉద్యోగానికి. రాకపోతే బతుకంతా మా బాపును కన్న ఆ అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి. నేను చుట్టినవి చూసి అవ్వ "గివి బీడీలా, బెండకాయలా?" అంటుంది. నాకు ఆ ఉద్యోగం కావాలి.

ఆ పొద్దున బస్సు కోసం గడప దాటానో లేదో, వాకిట్లో ఆటో. అందులో పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కాలో బాపు, నోటినిండా ఆకువక్కతో అవ్వ, భుజాన కండువాతో మా మేనమామ సాయిలు. ఊళ్ళో ఏ సంబంధం కుదరాలన్నా మామ నోరు విప్పాల్సిందే.

"మీరెందుకు?" అన్నాను.

"పిల్లనొక్కదాన్ని పంపితే మాట ఎవలు మాట్లాడుతరే?" అన్నాడు మామ.

షోరూంలో మేనేజర్ పద్మప్రియ మేడం మా నలుగురినీ చూసి, "పెళ్ళి చీరలు పైన" అంది.

"చీరలకు గాదమ్మా, పిల్ల నౌకరికి వచ్చినం" అన్నాడు మామ, అడక్కుండానే కుర్చీ లాక్కుని.

మేడం నావైపు తిరిగింది. "నీ గురించి చెప్పు."

నేను నోరు తెరిచేలోపే మామ గొంతు సవరించుకున్నాడు. "పిల్ల బంగారం. డిగ్రీ పాసైంది. ఇగ మీ మాట చెప్పున్రి."

"నీలో లోపాలేంటి?"

"పొద్దెక్కేదాక లేవది" అంది అవ్వ. "ఆకలైతె మనుషుల మీద పడ్తది."

"దాచొద్దు గద మేడం, రేపు మాటొస్తది" అన్నాడు బాపు.

అవ్వ షోరూం అంతా కలయజూసింది. "మరి ఇంతకుముందున్న పిల్ల ఎందుకు పోయింది?"

"అత్తమ్మా, గది నేనడగాలె!" అని మామ లేచాడు. "నువ్వేంది అడిగేది?" అని అవ్వ లేచింది. ఇద్దరినీ ఆపబోయి బాపు కూడా అరవసాగాడు. నాకు ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

"మామా! పెద్దమనిషివి, అవ్వకు ఏ చీర బాగుంటదో నువ్వే చెప్పాలె, పో. అవ్వా, ఆకు బయట ఉమ్మేసి రా, చీరల మీద పడ్తది. బాపూ, నువ్వు అవ్వ చెయ్యి పట్టుకో."

ముగ్గురూ చెప్పినట్టే కదిలారు. మేడం వాళ్ళు వెళ్ళినవైపు చూసింది.

"ముందున్న పిల్ల పెళ్ళివాళ్ళతో వేగలేక ఏడ్చుకుంటా పోయింది" అంది. "ఒక్క చీరకు పదిమంది వచ్చి కొట్లాడుతరు. రేపటినుంచి నువ్వు పైన పెళ్ళి చీరల దగ్గర. కానీ ఒక్కదానివే రా."

చీరల మధ్యనుంచి మామ తల పైకి లేచింది. "ఒక్కదాన్ని ఎట్ల తోలుతమమ్మా?"

నేను వెనక్కి తిరిగి చూశాను, అంతే.

"వస్తదమ్మా" అన్నాడు మామ. "ఒక్కతే వస్తది."