మకావులో ఆగిన రాయబారి

వనజ తొమ్మిదేళ్లుగా ఒక అమెరికా రాయబారి గురించి రాస్తోంది. ఆయన పేరు ఎడ్మండ్ రాబర్ట్స్. ఆసియా రాజులతో వ్యాపార ఒప్పందాలు కుదుర్చుకోవడానికి 1832లో యుద్ధనౌక ఎక్కి వచ్చినవాడు. ఆయన ప్రయాణాల మీదే ఆమె పీహెచ్‌డీ. ఆసిఫాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో రాసుకుంది. రెండేళ్ల కింద గైడు చనిపోయాడు. ఇంకొకరిని ఇవ్వమని పెట్టిన దరఖాస్తులకు జవాబు లేదు.

ఆ శుక్రవారం తనే యూనివర్సిటీకి వెళ్లింది. గుమస్తా సుధాకర్ ఫైలు తిరగేశాడు.

"మీ గడువు మార్చిల్నే అయిపోయింది మేడం. రిజిస్ట్రేషన్ రద్దయింది."

"నాకు లెటర్ రాలే సార్."

"పాత అడ్రస్‌కు పంపినం. మల్ల ఎంట్రెన్స్ రాసుకోన్రి."

ఆమె చేతిలో నాలుగు వందల పేజీలున్నాయి. వెనక ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. పక్కకు జరిగింది.

ఆసిఫాబాద్ పోబుద్ధి కాక సిరిసిల్ల బస్సెక్కింది. తండ్రి సాంబయ్య మరమగ్గాల షెడ్డులో ఉన్నాడు. ముప్పై ఏళ్ల చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. బిడ్డను చూసి, గుమ్మం దగ్గర కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వచ్చినప్పుడల్లా అడిగేదే అడిగాడు.

"మీ రాయబారి ఏడిదాక వచ్చిండు బిడ్డా?"

"మకావుకు వచ్చిండు బాపు. జపాన్‌కు పోవాల్నని ఉండె. రోగమొచ్చి గక్కడనే చనిపోయిండు."

"మరి గా పని?"

"పద్దెనిమిదేండ్లకు వేరేటాయన చేసిండు. అందరికి గాయన పేరే యాదికున్నది."

"పిల్లలున్నరా?"

"ఎనిమిదిమంది ఆడపిల్లలు. తల్లి ముందుగాలనే పోయింది."

సాంబయ్య గ్లాసు కింద పెట్టాడు. వనజ తల వంచుకుని చెప్పింది.

"బాపు, నా పీహెచ్‌డీ రద్దయింది."

"ఏందీ?"

రెండోసారీ వినబడలేదు. మూడోసారి గట్టిగా అరవాల్సి వచ్చింది. మగ్గాల దగ్గరున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"మల్ల మొదటికెల్లి సదువుతవా?" అన్నాడు సాంబయ్య.

"శాతగాదు బాపు."

లోపలి నుంచి పక్క మగ్గం హనుమండ్లు దారం తెగిందని పిలిచాడు. సాంబయ్య లేచి వెళ్లాడు. షిఫ్టు అయ్యేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ ఇంటి సందు మొగదాకా వచ్చి ఆగిపోయారు.

"మీ అవ్వ వాడకట్టంత చెప్పుకున్నది, నా బిడ్డ డాక్టరైతదని," అన్నాడు సాంబయ్య.

"నువ్వే చెప్పు బాపు."

"నాతోని గాదు బిడ్డా."

ఇంట్లో తల్లి లైటు వేసింది. ఇద్దరిలో ఎవరూ అడుగు ముందుకు వేయలేదు.