చిటికె చదువుకు బద్లీ

నీరజకు తీసివేతలు రావని ఒక యాప్ తేల్చేసింది.

పదో తరగతి పిల్ల. వర్గ సమీకరణాలు మంచినీళ్లు తాగినంత తేలిగ్గా చేస్తుంది. అలాంటి పిల్ల పొద్దున్నే ఫోను తెరిస్తే, బుట్టలో పన్నెండు మామిడిపళ్లున్నాయి, కోతి ఎనిమిది ఎత్తుకెళ్లింది, ఎన్ని మిగిలాయి అని ఒక గొంతు గారాలు పోతూ అడుగుతుంది. నాలుగు అని ఒత్తితే చప్పట్లు, తెర నిండా రంగు కాగితాలు. ఆ చప్పట్లు వింటే నీరజకు ఒళ్లు మండుతుంది. పదో తరగతి లెక్కల మీద మాత్రం తాళం బొమ్మ. ఎంత ఒత్తినా అది కదలదు. 'ముందు పునాది గట్టి చేసుకుందామా?' అని నవ్వు ముఖం పెడుతుంది.

యాప్ పేరు చిటికె చదువు. రెండేసి నిమిషాల పాఠాలు, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. కరోనా రెండో ఏడు అది. బడికి తాళం పడింది. తెలుగు మీడియంలో లెక్కలు చెప్పే సారు సొంతూరు వెళ్లి మళ్లీ సూరత్ ముఖం చూడలేదు. అలాంటప్పుడు ఈ కంపెనీ వాళ్లు రోజూ సాయంత్రం అసలు సిసలు మాస్టారుతో, తెలుగులో, ఉచితంగా లైవ్ క్లాసు పెడతామన్నారు. కాకపోతే యాప్‌లో పదో తరగతి లెక్కల తాళం తెరుచుకున్న వాళ్లకే సీటు. నీరజకు ఆ సీటు కావాలి. పది తప్పితే తల్లి పక్కన కూర్చుని చీరల దారాలు కత్తిరించాల్సిందేనని తండ్రి సోమలింగం ముందే చెప్పాడు. పాండేసరాలో పవర్‌లూమ్ నడిపి నడిపి వచ్చే మనిషి, చెప్పిన మాట మళ్లీ చెప్పే ఓపిక ఉండదు.

సీట్లకు ఆఖరి రోజున కంపెనీ మనిషి సూరత్ శివారు వడోద్‌లోని వాళ్ల గదికి వచ్చాడు. నీరజ ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా పలకని కంపెనీ, మగ్గాల వాళ్ల పిల్ల చదువుకుంటున్న వీడియో ప్రకటనకు కావలసి వచ్చేసరికి పరుగెత్తుకొచ్చింది.

వచ్చినాయన పేరు ఫణికుమార్. బ్యాంకు ఆఫీసరు గారబ్బాయి. పుట్టి పెరిగింది సూరత్‌లోనే అయినా ఈ వైపు ఎప్పుడూ అడుగు పెట్టలేదని, సందులో నీళ్లు తప్పించుకుంటూ నడిచిన నడకే చెప్పింది. మాస్కు గడ్డం కింద ఉంది. అయినా కూర్చోబోయే ముందు మంచం మీద శానిటైజరు కొట్టాడు. నీరజ తల్లి ఎల్లవ్వ తెచ్చిన చాయ్ ముట్టలేదు.

"సార్, నా తాళం జర తీయండి. ఈరోజే లాస్ట్ డేట్" అంది నీరజ.

ఆయన తన ఫోనులో ఒక బొమ్మ తెరిచి చూపించాడు. ఎన్నో గుండ్రాలు, వాటి మధ్య గీతలు. కొన్ని పచ్చగా, చాలావరకు ఎర్రగా.

"ఇది నాలెడ్జ్ గ్రాఫ్. ఒక్కో గుండ్రం ఒక్కో విషయం. తీసివేత రాకపోతే భాగహారం రాదు, అది రాకపోతే భిన్నాలు రావు, అవి రాకపోతే సమీకరణాలు రావు. మీ మగ్గం లాగే అనుకో. ఒక దారం తెగితే బట్ట పాడైనట్టు." మగ్గం ముఖం ఎన్నడూ చూడని మనిషి మగ్గం సంగతి చెబుతుంటే నీరజ నోరు బిగపట్టుకుని విన్నది. "నీ మెదడు లోపల ఎలా ఉందో ఇందులో కనిపిస్తుంది. నీకు తీసివేత దగ్గరే తేడా ఉంది."

"నాకు వస్తది సార్. ఏదన్న లెక్క ఇయ్యండి, మీ ముందలనే చేస్త."

"అక్కర్లేదమ్మా" అన్నాడు జాలిగా నవ్వుతూ. "ఒక్క లెక్క చూసి ఏం చెబుతాం? గ్రాఫ్ వందల జవాబులు చూసి చెబుతుంది. మనుషులు పొరబడతారు గానీ అది పొరబడదు."

ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే గుండ్రాల బొమ్మను చూసి మాట్లాడే ఈ తెలివి ఏ కాలేజీలో నేర్పుతారో నీరజకు అంతుపట్టలేదు. అసహ్యం వేసింది. సీటు కోసం అది కూడా మింగింది.

అప్పుడే గూట్లో ఉన్న ఇంటి ఫోను టింగుమంది. మధ్యాహ్నం పాఠం ఇంకా చేయలేదని యాప్ గుర్తు చేస్తోంది. దారాలు కత్తిరిస్తున్న ఎల్లవ్వ కత్తెర కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను తీసుకుని గోడకానుకుని కూర్చుంది. మామిడిపళ్ల గొంతు మొదలైంది. ఎల్లవ్వ పెదవులు కదుపుతూ ఆలోచించి ఒకటి ఒత్తింది. అయ్యో అన్నది ఫోను. ఇంకొకటి ఒత్తింది. మళ్లీ అయ్యో.

నీరజ ఒక్క అంగలో తల్లి దగ్గరికి చేరింది. "అవ్వా! ఏం జేస్తున్నవే?"

"నీ హాజరీ ఏస్తున్న బిడ్డా" అంది ఎల్లవ్వ తేలిగ్గా. "దినాం పగటీలి నువ్వు తయారైన చీరలు సేటుకు ఇయ్యవోతవ్. గదే టైముకు ఇది మోగుతది. పాఠం చేయకుంటే నీ మెట్టు పోతదని ఒర్రుతది. నాయిన కార్ఖానకు పోకుంటే మీ కాక బద్లీకి నిలబడడా? మగ్గం ఖాళీగుంటే సేటు ఇంకోణ్ణి పెట్టుకుంటడు. నీ జాగ పోవద్దని నీ బదులు నేను బద్లీ కూసుంటున్న."

ఆమె మూడో తరగతితో బడి మానేసిన మనిషి. కూతురి పేరు మీద మధ్యాహ్నం పూట ఇన్నాళ్లూ ఒత్తుతూ వచ్చింది. ఆ తప్పులన్నీ ఏరుకుని, గుండ్రాలుగా చుట్టి, గీతలు గీసి, నీరజ మెదడు ఇదేనని చూపించింది ఆ మహా యంత్రం. పొద్దున సరిగ్గా చేసే పిల్లకు మధ్యాహ్నం అయ్యేసరికి మతిపోతోందేమిటని దానికి ఒక్కసారైనా అనుమానం రాలేదు. దాన్ని తయారుచేసిన వాళ్లకూ రాలేదు. ఒక ఫోనుకు ఒకే తల ఉంటుందని వాళ్ల ఇళ్లు చూసుకుని అనుకున్నారు.

ఫణికుమార్ పకపకా నవ్వాడు. "ఎంత పని చేశావమ్మా! ఒకరి బదులు ఇంకొకరు ఒత్తకూడదు. అది మోసం. నీ వల్లే మీ అమ్మాయికి సీటు పోయింది."

ఎల్లవ్వ ఫోనును చాప మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. తల్లిని కడిగెయ్యాలని నీరజ నోటిదాకా వచ్చిన మాటలు అక్కడే ఆగిపోయాయి. కోపం మొత్తం ఆ మనిషి మీదికి తిరిగింది.

"మా కార్ఖానల సేటుకైతే సప్పుడు వింటేనే తెలుస్తది సార్, మగ్గం మీద నాయిన ఉన్నడా కాక ఉన్నడా అని. మీ మిషన్‌కు ఇన్ని దినాలైనా మనిషి మారిందని తెల్వలే."

ఆయనకు ఆ మాట చెవికెక్కలేదు. కళ్లు మెరుస్తున్నాయి. "అసలు ఇది ఇంకా బాగుంది! తల్లి కూడా నేర్చుకుంటోంది! ఒక పని చేద్దాం. మీ అమ్మ తీసివేత సరిగ్గా చేస్తున్నట్టు వీడియో తీద్దాం. తాళం సంగతి నేను చూసుకుంటాను. సీటు నీదే."

వద్దనాలనిపించింది నీరజకు. ఎల్లవ్వ అప్పటికే జుట్టు సవరించుకుంటోంది. "సీటిస్తనంటున్నడు గద, తీయనియ్యి బిడ్డా."

కెమెరా పెట్టారు. కోతి వచ్చింది, పళ్లు ఎత్తుకెళ్లింది. ఎల్లవ్వ తప్పు ఒత్తింది. మళ్లీ తీశారు. మళ్లీ తప్పు. ఆమె నుదుటి మీద చెమట. ఫణికుమార్ విసుగ్గా నాలుక చప్పరించి, కెమెరాను ఆమె ముఖం మీదికి తిప్పి, పక్కనుంచి చెయ్యి చాపి సరైన జవాబు తానే ఒత్తేశాడు. ఇంకొకటి ఒత్తాడు. వరసగా ఒత్తుకుంటూ పోయాడు. చప్పట్లే చప్పట్లు. ఎర్ర గుండ్రాలు పచ్చబడ్డాయి. తాళం తెరుచుకుంది.

"ఒకరిది ఒకరు ఒత్తద్దంటివి గద సారూ?" అని ఎల్లవ్వ నిజంగానే తెలియక అడిగింది. "గది మోసమంటివి?"

"మీకు అర్థం కాదులే అమ్మా" అంటూ ఆయన కెమెరా సర్దుకున్నాడు.

"అర్థమైంది సార్" అంది నీరజ. "మా అవ్వ తప్పు ఒత్తితే నాకు రాదన్నరు. మీరు సరిగ్గ ఒత్తితే నాకు వస్తదంటున్నరు. నన్ను మాత్రం ఒక్క లెక్క గూడ అడగలే."